పంతులమ్మ సిరా

మా ఆయన రంగం నుంచి నడిచి వచ్చిన ఏడాది నేను అనకాపల్లిలో ఆడపిల్లల ఎలిమెంటరీ బడిలో ఐదో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. రంగం అంటే రంగూన్. మా వైపు నుంచి పనికోసం వెళ్ళినవాళ్ళంతా దాన్ని రంగం అనే అనేవారు. ఆయన అక్కడ ఒక బియ్యం మిల్లులో గుమాస్తా. యుద్ధం వచ్చి ఆ ఊరి మీద బాంబులు పడ్డాక ఓడ దొరకలేదు. అడవులూ కొండలూ పట్టుకుని వారాల తరబడి నడిచి, ఎక్కడో రైలెక్కి, ఒక మధ్యాహ్నం మా వీధి మొగలో జట్కా దిగేరు. గుమ్మంలో బియ్యం చెరుగుతున్న అత్త ఎవరో బిచ్చానికి వచ్చేరనుకుని చేటలోంచి గుప్పెడు గింజలు తీసింది. మనిషి దగ్గరికొచ్చేక చేట వదిలేసింది.

ఆయన కుడి మడమ దగ్గర పుండు పడి, మాని, పాదం వంకరపోయింది. దానికి నేనంత బాధపడలేదు. కర్ర పట్టుకుని నడవగలరు. కానీ మనిషిలో మాట పోయింది. అన్నం పెడితే తినేవారు. ఏదైనా అడిగితే ఒక్క ముక్క చెప్పేవారు. మిగతా పొద్దంతా వీధి అరుగు మీద గోడకి జేరబడి కూర్చునేవారు. చేతికి పేపరు ఇచ్చినా ఒళ్ళో పెట్టుకునేవారు తప్ప చదివేవారు కాదు.

నాకప్పటికి ఇరవై ఆరేళ్ళు. భయం వెయ్యలేదని చెబితే ఎవరూ నమ్మరు గానీ, నిజంగా వెయ్యలేదు. ఆయన జాడ తెలియని ఆ నెలల్లోనే పడాల్సిన భయమంతా పడిపోయేను. మనిషి ఎదురుగా ఉన్నాక ఇక మిగిలింది ఇల్లు నడపడం. అది నాకు చేతనైన పనే అనిపించింది. కాకపోతే ఒక్క బడి జీతంతో యుద్ధం రోజుల్లో ముగ్గురం బతకడం కష్టం. బడి మానకుండా, ఇంట్లోంచే ఇంకో పని ఏదైనా పెట్టుకోవాలి. ఏ పని అన్నదే ఆలోచన.

అత్త వెంటనే గేదె అంది.

"ఓ గేదెను కట్టుకుందారే. పాలు పోసుకుంటే మనకీ ఓ గిన్నెడు మిగుల్తాయి."

"దాణా ఎవరు తెస్తారు అత్తా? పాలు ఎవరు పితుకుతారు?"

"నేను పితుకుతాను."

అత్తకి మోకాళ్ళ నొప్పులు. కింద కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకోవాలి. ఆ మాట నేను అనలేదు, ఆవిడే కాసేపటికి, "ఓపిక నేదులే," అని ఊరుకుంది.

బడిలో నాతోపాటు పనిచేసే పంతులమ్మలు ప్రైవేట్లు చెప్పమన్నారు. అది సులువుగా కనిపించింది. సాయంత్రం పూట నలుగురు పిల్లలు మా ఇంటికి రావడం మొదలుపెట్టేరు. అందులో ఒక పిల్ల బెల్లం వర్తకులవాళ్ళ అమ్మాయి. నా తరగతే. బుద్ధిమంతురాలే కానీ లెక్కలు ఎక్కేవి కాదు. అర్ధసంవత్సరం పరీక్షల ముందు రోజు వాళ్ళింటి నుంచి ఒక మనిషి వచ్చి నాలుగు బెల్లం దిమ్మలు మా అరుగు మీద పెట్టి వెళ్ళిపోయేడు. ఏమీ అడగలేదు. అడగక్కర్లేదు కూడా. మర్నాడు ఆ పిల్ల పరీక్ష పేపరు దిద్దుతుంటే నా చెయ్యి ఒక లెక్క దగ్గర ఆగింది. పద్ధతి తప్పు, జవాబు తప్పు. అయినా ఆగింది. అలా ఆగినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. తప్పు పెట్టేను. బెల్లం దిమ్మలు జట్కాలో వేయించుకుని వాళ్ళ కొట్టుకి వెళ్ళి దింపేను. ఆ పిల్లకి బడిలోనే, అందరితోపాటు, గంట కొట్టేక ఇంకో పావుగంట ఉంచి చెబుతానని వాళ్ళ నాన్నతో చెప్పేను. ప్రైవేట్లు ఆ వారంతో మానేసేను.

తరవాత అప్పడాలు. ఎండాకాలం సెలవుల్లో అత్త, నేను కలిసి మినపపిండి రుబ్బి, వత్తి, వీధి వాకిట్లో చాపల మీద ఎండబెట్టేం. బాగానే అమ్మేం. సెలవులు అయిపోయేయి. బడి తెరిచేరు. ఒకరోజు నేను తరగతిలో ఉండగా కుండపోతగా వాన కురిసింది. ఇంటికొచ్చేసరికి చాపల మీద అప్పడాలు ముద్దయిపోయి ఉన్నాయి. అత్త వాటి పక్కన తడి నేల మీద కూర్చుని ఉంది.

"నేను లెగలేకపోయేనే," అంది. "నొప్పి పట్టేసింది. కేకేసేను. నా కొడుకు ఆ అరుగు మీదే ఉన్నాడు. తడిసిపోతంటే సూత్తా కూకున్నాడు గానీ లెగలేదే."

ఆయన అరుగు మీదే ఉన్నారు. వాన కేసి చూస్తున్నారు. నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. దగ్గరికి వెళ్ళి చూస్తే చూరునీళ్ళు కాళ్ళ మీద పడుతున్నా ఆయన వెనక్కి తీసుకోవడం లేదు. వానలోకి చూస్తూ ఆయన ఎక్కడున్నారో నాకు తెలియదు గానీ, మా అరుగు మీద మాత్రం లేరు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

ఆ రోజు సాయంత్రం పలక తీసుకుని కూర్చున్నాను. పిల్లలకి లెక్క చెప్పేటప్పుడు ముందు తెలిసినవి రాసుకోమని చెబుతాను కదా, నేనూ అలాగే రాసుకున్నాను. పొద్దున్న పది నుంచి నాలుగున్నర దాకా నేను ఇంట్లో ఉండను. కాబట్టి నేను లేనప్పుడు పాడైపోయే సరుకు నాకు పనికిరాదు. అత్త లేచి పరిగెత్తక్కర్లేని పని కావాలి. నా బడి పిల్లల దగ్గర, వాళ్ళ తల్లిదండ్రుల దగ్గర నేను ఏదీ పుచ్చుకోకూడదు. చివరిది రాయడానికి కాస్త సిగ్గుపడ్డాను గానీ రాసేను: నేను చదువుకున్న చదువు అందులో ఎక్కడో ఒకచోట పనికి రావాలి. వీధిలో అందరూ చేసేదే నేనూ చేస్తే వాళ్ళు నాకన్నా బాగా చేస్తారు.

అత్త వచ్చి పలక కేసి చూసింది. ఆవిడకి చదువు రాదు. చదివి వినిపించేను.

"అలాటి యాపారం ఎక్కడుంటాదే?"

"ఉంటుంది అత్తా. ఇంకా కనపడలేదు, అంతే."

అది రెండు వారాల్లో నా తరగతిలోనే కనిపించింది.

యుద్ధం మూలంగా చాలా సరుకులు బజారులో మాయమైనట్టే నీళ్ళలో కరిగించుకునే సిరా బిళ్ళలు కూడా మాయమయ్యేయి. అప్పట్లో ఐదో తరగతి పిల్లలు పలక మానేసి, పాళీ గుచ్చిన కలంతో సిరాబుడ్డిలో ముంచి కాపీ రాసేవారు. బిళ్ళలు దొరక్క ఉన్న సిరాలోనే నీళ్ళు కలుపుకుంటూ పోయేరు. కాపీ పుస్తకాలు తిప్పితే పేజీ మీద ఏదో పాకినట్టు ఉండేది తప్ప అక్షరం కనపడేది కాదు. ఒకరోజు ఒక పిల్ల పుస్తకంలో మాత్రం అక్షరాలు చక్కగా ఊదారంగులో మెరుస్తున్నాయి. ఏం సిరా అని అడిగితే, బచ్చలి పళ్ళు పిండుకుని తెచ్చేనంది. తరగతి అంతా ఆ పిల్ల చుట్టూ మూగింది. మూడోరోజుకి ఆ అక్షరాలు గోధుమరంగుకి తిరిగి, వారానికి మరకలైపోయేయి. ఆ పిల్ల ఏడుపుమొహం పెట్టింది.

అప్పుడు నాకు ట్రైనింగు స్కూలు గుర్తొచ్చింది. మాకు సైన్సు చెప్పిన ఆవిడ ఒకరోజు రెండు గాజు గ్లాసుల్లో రెండు నీళ్ళు తెచ్చింది. ఒకదాంట్లో కరక్కాయ కషాయం, పల్చటి పసుపురంగు. రెండోదాంట్లో అన్నభేది అనే ఇనుప ఉప్పు కరిగించిన నీళ్ళు, లేత ఆకుపచ్చ. ఆ రెండూ కలపగానే గ్లాసు నల్లగా మారిపోయింది. మేమంతా నోళ్ళు తెరిచేం. కాగితాలు రాసుకునే కచేరీల్లో పూర్వం వాడిన సిరా ఇదేననీ, నీళ్ళు పడినా పోదనీ ఆవిడ చెప్పింది. నోటుపుస్తకంలో పాళ్ళు రాసుకున్నాను. ఆ పుస్తకం నా పెట్టెలో అడుగున ఉంది.

ఆదివారం బజారుకి వెళ్ళి కరక్కాయలూ, అన్నభేదీ, తుమ్మజిగురూ, కాసిని లవంగాలూ కొన్నాను. కరక్కాయలు మన్యం నుంచి దిగుతాయి, వాటికి కరువులేదు. అన్నభేది నాటువైద్యులు వాడతారు, అదీ దొరికింది. సంచీ విప్పి చూసి అత్త, "ఎవరికే దగ్గు?" అని అడిగింది.

"దగ్గు కాదు. సిరా చేస్తాను."

ఆవిడ నా మొహం కేసి కాసేపు చూసి, నడుం మీద చెయ్యి వేసుకుని లోపలికి పోయింది.

చేసే పద్ధతి కష్టమేమీ కాదు. కరక్కాయల గింజలు తీసి, పెచ్చులు నలగ్గొట్టి, కుండలో రాత్రంతా నానబెడతాం. తెల్లవారి సగానికి సగం మరిగిస్తాం. గుడ్డలో వడగట్టి, అన్నభేది నీళ్ళు కలిపి, జిగురు కరిగించి పోసి, పింగాణీ జాడీలో వారంరోజులు ఉంచుతాం. రోజుకోసారి కర్రతో కలపాలి, అంతే. బూజు పట్టకుండా లవంగాలు వెయ్యాలి. వాన వచ్చినా, ఎండ వచ్చినా, నేను బడిలో ఉన్నా, జాడీ మూలన దాని పని అది చేసుకుంటుంది. నా పలక మీద రాసుకున్న మొదటి మాటకి ఇది సరిపోయింది.

చెయ్యడం వేరు, బాగా రావడం వేరు. మొదటి జాడీ చిక్కబడిపోయి పాళీ మొనలో పేరుకుపోయింది. రెండోసారి జిగురు తగ్గించేను. ఈసారి పాళీలోంచి బాగానే జారింది గానీ, యుద్ధం నాటి ముతక కాగితం మీద పెట్టగానే అక్షరం అక్షరంలోకి పాకిపోయింది. ఏ పాళ్ళు ఏ కాగితానికి సరిపోతాయో చూడాలి. రకరకాల కాగితాల మీద రాసి, తేదీ వేసి, గోడకి తగిలించి, నెల పోయేక రంగు ఎలా ఉందో చూడాలి. నాకు అంత తీరికలేదు. పైగా నా రాత పిల్లల కోసం దిద్ది దిద్ది గుండ్రంగా, నెమ్మదిగా అయిపోయింది. కొట్లలో, కచేరీల్లో రాసేవాళ్ళు అలా రాయరు. గబగబా రాస్తారు.

బడికి బయలుదేరుతూ ఒక కలం, సిరాబుడ్డి, నాలుగు రకాల కాగితాలు అరుగు మీద ఆయన పక్కన పెట్టేను.

"గుమాస్తాలు ఎలా రాస్తారో నాకు తెలీదు. మీకు తెలుసు. ఈ సిరాతో వేగంగా రాస్తే పాళీ ఆగుతోందో లేదో చూసి చెప్పండి. ఒక్కో కాగితం మీద నాలుగేసి వరసలు చాలు."

సాయంత్రం వచ్చి చూస్తే కాగితాలు తెల్లగానే ఉన్నాయి. మర్నాడూ అంతే. నేను తీయలేదు, మళ్ళీ అడగనూ లేదు. మూడోరోజు సాయంత్రం నాలుగు కాగితాల మీదా బియ్యం రకాల పేర్లూ, బస్తాల మీద వేసే గుర్తులూ ఉన్నాయి. ఎంత చక్కటి రాతో ఆయనది. ఆరేళ్ళ కాపురంలో ఉత్తరాల్లో చూసేను గానీ, అంత పరీక్షగా ఎప్పుడూ చూడలేదు.

"జిగురు ఇంకాస్త పడాలి," అన్నారు. "ముతక కాగితం మీద పాకుతోంది."

ఆయన రంగం నుంచి వచ్చేక, నేను మళ్ళీ అడగకముందే తనంతట తాను చెప్పిన మొదటి మాట అది. అత్త వంటింట్లోంచి తొంగిచూసింది. నేను ఏమీ జరగనట్టు, "అలాగేనండి, ఎంత?" అని అడిగేను.

అప్పటి నుంచి ప్రతి జాడీకి ఆయనే రాసి చూసేవారు. బియ్యం రకాలు అయిపోయేయి. ఒకరోజు గోడకి తగిలించబోతూ కాగితం చదివేను. "మొదటిరోజు నీళ్ళు దొరికేయి. రెండోరోజు లేవు. మాతో నడిచిన ముసలాయన తన ముంత నాకిచ్చి కూర్చుండిపోయేడు." అక్కడికి ఆపేసేరు, నాలుగు వరసలు అయిపోయేయి కాబట్టి. మర్నాటి కాగితం మీద దాని తరవాతి సంగతి ఉంది. నోటితో నాకు చెప్పలేనిది, సిరా బాగుందో లేదో చూసే వంకన రోజుకి నాలుగు వరసలు రాస్తున్నారు. నేను చదివి తగిలించేదాన్ని. దాని గురించి మాట్లాడేదాన్ని కాదు. ఎప్పుడైనా, "ఇవాళ నలుపు బాగా వచ్చింది," అనేదాన్ని. ఆయన తల ఊపేవారు.

నాలుగో జాడీ నాకు నచ్చింది. దాన్ని పట్టుకుని బజారులో కాగితాలూ, కలాలూ అమ్మే సాయిబుగారి దగ్గరికి వెళ్ళేను. మా బడికి రిజిస్టర్లు కుట్టి ఇచ్చేది ఆయనే కాబట్టి నన్ను ఎరుగుదురు. పెద్దమనిషి, గెడ్డం సగం నెరిసింది. సిరా పోసి ఇచ్చి రాయమన్నాను. రాసేరు. వెలుగులో పెట్టి చూసేరు.

"పంతులమ్మగారూ, పాళీ బాగానే జారుతోంది. జాడీలో నల్లగా ఉన్నా కాగితం మీద రంగు పల్చగా ఉంది కదమ్మా."

"రేపటికి నల్లబడుతుందండీ. గాలి తగిలినకొద్దీ నలుపెక్కే సిరా ఇది."

"కొనేవాడు రేపటిదాకా ఆగడమ్మా." అయినా జాడీ ఉంచుకున్నారు. సీసాలకి కరువు కాబట్టి, ఎవరి సీసా వాళ్ళు తెచ్చుకుంటే పోసి అమ్ముతానన్నారు.

ఐదోరోజున, ఆదివారం పూట, సాయిబుగారు మా ఇంటికే వచ్చేరు. వెంట ఒక ముసలాయన, కళ్ళజోడు, చంకలో గుడ్డసంచీ. రిజిస్ట్రారు కచేరీ దగ్గర దస్తావేజులు రాసే లేఖరి ఆయన. గుమ్మంలోనే మొదలుపెట్టేడు.

"నువ్వేనా తల్లీ ఈ సిరా చేసింది? నీళ్ళల్లో మసిగుడ్డ ముంచినట్టుంది. భూమి అమ్మకం కాగితం మొదలుపెట్టి సగంలో ఆపేసేను. అంత ఖరీదు కాగితం పాడైపోయింది నాకు."

సాయిబుగారి మొహం చిన్నబోయింది. "తప్పు నాదే అమ్మా, నేనైనా చెప్పాల్సింది," అన్నారు.

"ఆ కాగితం మీ దగ్గర ఉందాండీ?" అని అడిగేను.

"ఉంది, చూపించాలనే తెచ్చేను."

"ఎప్పుడు రాసేరు?"

"మొన్న పొద్దున్న."

"తీయండి."

నా గొంతు గట్టిగానే ఉంది. లోపల మాత్రం అంత నమ్మకం లేదు. గోడ మీద కాగితాలన్నీ నల్లబడ్డాయి, నిజమే. కానీ ఆయన వాడిన కాగితం ఏదో, అది సిరాని ఏం చేసిందో నాకు తెలియదు. ఆయన సంచీలోంచి మడతపెట్టిన కాగితం తీసి విప్పేడు. ఒకసారి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసేడు. అక్షరాలు కాకిరెక్కలా ఉన్నాయి.

"నేను రాసింది ఇది కాదే," అన్నాడు.

"మీ రాతేనా కాదా చూసుకోండి."

"రాత నాదే."

నేను వంటింట్లోంచి చెంబుతో నీళ్ళు తెచ్చి, ఆయన్ని అడిగి, ఆ పాడైన కాగితం చివర రెండు చుక్కలు వేసి గుడ్డతో అద్దేను. అక్షరం కదల్లేదు. సాయిబుగారు గెడ్డంలో నవ్వుకోవడం మొదలుపెట్టేరు.

లేఖరి ఓడిపోయే రకం కాదు. "రేపటికి నల్లబడితే దస్తావేజుకి అంతకన్నా ఏం కావాలి. ఒప్పుకున్నాను. కానీ తల్లీ, రాస్తున్నప్పుడు నాకు కనపడాలి కదా. నా కళ్ళకి కనపడకపోతే ఒక అక్షరం మీద ఇంకో అక్షరం రాసేస్తాను."

ఆ మాట న్యాయంగా ఉంది. గుమ్మం వెనక నుంచి అత్త అంది, "కాటిక కలపకూడదేటే? ఆముదం దీపం మసి పట్టి నూరితే అప్పటికప్పుడే నల్లగుంటాది కదా."

అందరం ఆవిడ కేసి తిరిగేం. కిరసనాయిలు దొరక్క ఆ రోజుల్లో ఇంటింటా ఆముదం దీపాలే. మసికి లోటేముంది. "చిటికెడే కలపాలి, లేకపోతే పాళీ పట్టేస్తుంది," అన్నారు అరుగు మీంచి మా ఆయన. లేఖరి ఆ గొంతు ఎక్కడిదా అని చూస్తూ, గోడ మీద కాగితాల దగ్గర ఆగిపోయేడు.

"ఈ రాత ఎవరిది?"

"నాదేనండి," అన్నారు ఈయన. "రంగంలో మిల్లులో గుమాస్తా చేసేను."

ముసలాయన గోడ దగ్గరికి వెళ్ళి ఒక కాగితం, దాని పక్కది, ఆ పక్కది చదివేడు. రాత చూద్దామని మొదలుపెట్టినవాడు రాసిన సంగతిలో పడిపోయేడు. చివరికి వెనక్కి తిరిగి, "బాబూ, ఈ కాగితాలు దాచుకో. పారెయ్యకు," అని మాత్రం అన్నాడు. జాడీలో మిగిలిన సిరా తన సీసాలో పోయించుకుని వెళ్ళేడు.

అత్త కాటుకతో సిరాకి పేరొచ్చింది. మసి పట్టడం, నూరడం ఆవిడ వంతు. పీట మీద కూర్చుని చేసే పని, మోకాళ్ళకి బాధలేదు. కలపడం, రాసి చూడడం ఆయన వంతు. మరిగించడం, పాళ్ళు చూడడం నేను. బజారులో దాన్ని పంతులమ్మ సిరా అనేవారు. ఆ పేరు నేను పెట్టలేదు, సాయిబుగారూ పెట్టలేదు.

ఆ పేరు విన్నాక నేను మా హెడ్మిస్ట్రెస్ దగ్గరికి వెళ్ళేను. ఇంకెవరో చెప్పకముందే నేను చెప్పాలనిపించింది. ఆవిడ మిషను బడిలో చదువుకున్న క్రైస్తవురాలు. గంజిపెట్టిన తెల్లచీర, ఎప్పుడూ తగ్గని గొంతు. నేను చెప్పిందంతా విన్నారు.

"మన పిల్లలకి అమ్ముతున్నావా?"

"లేదండి. వాళ్ళకి ఆ మాటే చెప్పలేదు."

"నువ్వు చెప్పక్కర్లేదు. ఐదో తరగతి టీచరు చేసిన సిరా అంటే ప్రతి తల్లీ అదే కొంటుంది. కొనకపోతే పిల్లకి మార్కులు తగ్గుతాయేమోనని కొంటుంది. అప్పుడేం చేస్తావు?"

నాకు బెల్లం దిమ్మలు గుర్తొచ్చేయి. బేరం బజారులో జరిగినా పద్ధతి అదే. ఆవిడ నన్ను తప్పు పట్టడం లేదు, నాకు కనపడనిది చూపిస్తున్నారు. ఒకరోజు గడువు అడిగేను. ఇంటికి వెళ్ళి ఆలోచించేను. మర్నాడు బడి మొదలవకముందే వెళ్ళి చెప్పేను.

"సిరా చెయ్యడం నా తరగతికి పాఠంగా నేర్పేస్తానండి. బడికి కావలసిన సిరా బడిలోనే పిల్లలు చేసుకుంటారు. ఇంటిదగ్గర చేసుకోవాలన్నవాళ్ళు చేసుకుంటారు. ఇక నా దగ్గర కొనాల్సిన అవసరం ఏ తల్లికీ ఉండదు."

"ఊరంతా నేర్చేసుకుంటే నీ బేరం ఏమవుతుంది?"

"నేర్చుకున్నవాళ్ళంతా చేస్తారాండీ? అన్నం వండడం అందరికీ వచ్చు, హోటళ్ళు నడుస్తూనే ఉన్నాయి కదా."

ఆవిడ నవ్వడం నేను చూసింది అప్పుడే. పైవాళ్ళకి ఉత్తరం రాసి, ఇంటిదగ్గర ఈ పని చేసుకోవడానికి నాకు అనుమతి కూడా తెప్పించేరు.

ఆ పాఠం నేను చెప్పిన పాఠాలన్నింటిలోకీ బాగా వచ్చింది. రెండు గ్లాసుల నీళ్ళు కలిసి నల్లబడగానే నా తరగతిలోనూ పిల్లలు నోళ్ళు తెరిచేరు. బచ్చలిపళ్ళ పిల్లని ముందు కూర్చోబెట్టి తన చేత్తోనే కలిపించేను. పాళ్ళన్నీ బోర్డు మీద రాసేను, ఒక్కటీ దాచలేదు. కాటుక సంగతి కూడా చెప్పేను. ఈ మాట విని సాయిబుగారు బెంగపెట్టుకున్నారు.

"ఎంత పనిచేసేరమ్మా. ఎవరైనా తన హునరు, తన పని కిటుకు, నలుగురిలో చెప్పుకుంటారా?"

"నేను పంతులమ్మని సాయిబుగారూ. తరగతిలో చెప్పుకోలేని పని నాకు కుదరదు."

ఆయన తల అడ్డంగా ఊపేరు. రెండు నెలలు పోయేక ఆయనే చెప్పేరు, అమ్మకం తగ్గలేదని. నలుగురైదుగురు పిల్లలు ఇళ్ళల్లో చేసేరు. గచ్చు మీద మరకలు చూసి తల్లులు చీవాట్లు పెట్టేరు. ఒక్క పిల్ల మాత్రం పట్టు వదలకుండా చేసి, సబ్బవరంలో వాళ్ళ మేనమామ కొట్టుకి పంపేది. పాళ్ళలో అనుమానం వస్తే నన్నే వచ్చి అడిగేది. చెప్పేదాన్ని. నా మనసుకి అది ఎంతో హాయిగా ఉండేది.

ఏడాది తిరక్కుండానే లేఖరి మళ్ళీ వచ్చేడు, ఈసారి సిరా కోసం కాదు. అరుగు మీద మా ఆయన పక్కన కూర్చున్నాడు.

"నా కళ్ళు పూర్తిగా పోతున్నాయి బాబూ. నేను చెబుతూ ఉంటే రాసేవాడు కావాలి. నీలాంటి రాత ఈ తాలూకాలో లేదు. కచేరీ మీ ఇంటికి దూరం కాదు, కర్రతో నడిచి రాగలవు."

ఆయన నా కేసి చూసేరు. జవాబు ఆయనే చెప్పాలి.

"వానాకాలం నాకు కాస్త కష్టంగా ఉంటుందండి," అన్నారు చివరికి. "కాలు గురించి కాదు. వాన పడుతుంటే ఒక్కోసారి చెయ్యి ఆగిపోతుంది."

"ఆగితే ఆగనీ. నేనూ ఆగుతాను. మొక్కజొన్నపొత్తు తింటూ కూర్చుందాం."

అలా వెళ్ళడం మొదలుపెట్టేరు. మొదటి వానాకాలం నిజంగానే చాలా రోజులు ఆగిపోయేరు. రెండోదానికి తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పను.

యుద్ధం అయిపోయేక రెండేళ్ళకి సాయిబుగారి కొట్లో గాజు బీరువా నిండా కంపెనీ సిరాసీసాలు వచ్చేయి. నీలం, ఎరుపు, ఆకుపచ్చ. పెన్నులు కూడా మారిపోయేయి, లోపల సిరా నింపుకునేవి వచ్చేయి. మా కాటుక సిరా వాటిలో పోస్తే పట్టేస్తుంది. ఒక ఆదివారం సాయిబుగారు మా ఇంటికి వచ్చి, ఆ మాట చెప్పలేక టీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నారు.

"ఈ జాడీతో ఆపేద్దాం సాయిబుగారూ," అన్నాను నేనే.

"మీకు కష్టంగా లేదామ్మా?"

"లేదండి. ఒకటి చేసి చూసేం. ఇంకోటి కావాల్సి వస్తే ఎలా వెతుక్కోవాలో ఇప్పుడు తెలుసు."

అది గొప్పకి అన్నమాట కాదు. ముసలాయన పని మానేసేక మా ఆయన సొంతంగా లేఖరి పని చేసుకుంటున్నారు. నాకు హైస్కూలు మెట్రిక్ పరీక్షకి ప్రైవేటుగా కట్టాలని ఉంది, చదువుకోడానికి సాయంత్రాలు కావాలి. సాయిబుగారు వెళ్ళేక పెరట్లో కూర్చుని జాడీలు కడిగేను. అత్త పీట వేసుకుని పక్కన కూర్చుంది.

"ఇప్పుడేటి సేత్తావే?"

"పరీక్షకి చదువుతాను. వచ్చే ఆదివారం మాత్రం ఏమీ చెయ్యను."

"ఏమీ సెయ్యకుండా నువ్వు ఉండగలవేటి?"

"అయితే ఉప్మాక గుడికి వెళ్దాం. ఆయన్ని కూడా రమ్మందాం."

ఆ పై ఆదివారం ముగ్గురం బస్సెక్కి ఉప్మాక వెళ్ళేం. కొండ మీదికి మెట్లున్నాయి. అత్త కింద గుడిలోనే ఉండిపోతానంది. ఆయన కర్ర ఆన్చుకుని నాలుగు మెట్లు ఎక్కి, వెనక్కి తిరిగి తల్లికి చెయ్యి ఇచ్చేరు. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుంది. చాలాసేపు పట్టింది గానీ ముగ్గురం పైదాకా ఎక్కేం.